ఆ చివరి వరుస వెనుక దత్తమండలం
క్లినికల్ ట్రయల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎన్ని కొత్త సదుపాయాలు వచ్చినా, వాటి పునాదిరాళ్లలో ఒకటి రాయలసీమలో పుట్టినవాడు వేసినదే. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో, రోగుల బతుకుకాలాన్ని విశ్లేషించే కాక్స్ మోడల్ ఫలితం తెరిస్తే చివర ‘స్కోర్ (లాగ్‌ర్యాంక్) టెస్ట్’ అనే వరుస కనిపిస్తుంది. కొత్త మందు వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ తేడా ఉందో లేదో తేల్చడానికి చూసేవాటిలో అదొకటి. ఆ స్కోర్ పరీక్షను 1948లో ప్రతిపాదించినవారు గణాంకవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు. ట్రయల్ మధ్యలోనే లెక్క చూసి ఆపాలా, సాగించాలా అని నిర్ణయించే పద్ధతుల్లోనూ స్కోరుదే పెద్దపాత్ర.

ఆయన పుట్టిన హడగలి కర్ణాటకలో ఉంది కదా అనవచ్చు. కానీ నిజాం బ్రిటిష్‌వారికి వదిలిన దత్తమండలాలకు 1928లో నంద్యాల సభ రాయలసీమ అని పేరు పెట్టినప్పుడు కర్నూలు, కడపలతో పాటు బళ్లారి జిల్లా కూడా అందులోదే. అది విడిపోయింది 1953లో. ఆయన మందుల పరీక్షల కోసం ఆ సూత్రం రాయలేదన్నదీ నిజమే. రోగుల లెక్కకు దారి వేసింది 1966లో మాంటెల్, 1972లో కాక్స్. అయినా కాక్స్ పద్ధతికి రావు పరీక్షను జోడిస్తే మామూలుగా తేలేది లాగ్‌ర్యాంక్ లెక్కే. ఆ వరుసలో రావు పేరు కూడా ఉండాలంటాను.