ఛత్రపూర్ ఇసుక, చిటికెడు సీరియం, చేతిలో లాంతరు

తుఫాను వార్త వినగానే ఛార్జింగులో పెట్టే ఎల్‌ఈడీ లాంతరుకీ, మన తాతల పెళ్లిళ్లలో బుస్సుమంటూ వెలిగిన పెట్రోమాక్స్ లైటుకీ చుట్టరికం ఉందని ఈమధ్యే తెలిసింది. తెలిసినప్పటి నుంచి ఎవరు దొరికితే వాళ్లకి చెబుతున్నాను. ఒకదానికి కిరసనాయిలు పోసి పంపు కొట్టాలి, ఇంకోదానికి బటన్ నొక్కితే చాలు. ఒకటి ఇనుము, ఇత్తడి, గాజు. మరొకటి ప్లాస్టిక్ డబ్బా. అయినా రెంటిలోనూ వెలుగును తెల్లగా చేసేది ఒకే మూలకం, సీరియం. అదీ చిటికెడే. పెట్రోమాక్స్ మంటలో వెలిగే వల, అదే మాంటిల్, అందులో నూటికి ఒక పాలు. తెల్ల ఎల్‌ఈడీ మీద పూసే పసుప్పచ్చ పొడిలోనూ కొద్దిపాటి శాతమే. ఆ సీరియాన్ని కడుపులో దాచుకున్న ఖనిజం మోనజైట్. మనవాళ్లు తరతరాలుగా వలలు ఆరేసుకుంటున్న ఇసుకలో అది ఉంది: గంజాం జిల్లా కేంద్రం ఛత్రపూర్ సముద్రపు ఒడ్డున.

‘మనవాళ్లు’ అనడానికి కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురం సాలె వీధుల్లోనూ, గోపాలపూర్, ఆర్యపల్లి వైపు జాలరి ఊళ్లలోనూ ఇప్పటికీ ఇంట్లో తెలుగే వినిపిస్తుంది. ఆ ఊళ్ల పక్కనే, ఋషికుల్య మొగ నుంచి గోపాలపూర్ దిక్కుగా దాదాపు 18 కిలోమీటర్ల పొడవున ఖనిజాల ఇసుక దిబ్బలున్నాయి. ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, వాటితో పాటు కొద్దిగా మోనజైట్. 1980లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ ఇక్కడ ఇసుక తవ్వి ఖనిజాలు వేరుచేసే కర్మాగారం పెట్టింది. కాగితాల మీద దాని పేరు ఆస్కాం. ఊళ్లో అడిగితే ఐఆర్‌ఈ అంటేనే దారి చెబుతారు.

దీపాల చరిత్ర మొదటి నుంచీ చెప్పాలంటే ఆముదం ప్రమిద, కానుగ నూనె, కాగడా, దివిటీ అంటూ వేల ఏళ్లు నడవాలి. ఆ వేల ఏళ్లలో వెలుగు పెద్దగా పెరగలేదు కాబట్టి నేనూ ఆగడం లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర కిరసనాయిలు డబ్బాలు వచ్చాయి. గాలికి ఆరని హరికేన్ లాంతరు వచ్చింది. అది కూడా ఎర్రటి వెలుగే.

అసలు కథ వియన్నాలో ఉంది. కార్ల్ ఆవెర్ ఫోన్ వెల్స్‌బాఖ్ అనే రసాయన శాస్త్రవేత్త హైడెల్‌బర్గ్‌లో బున్‌సెన్ దగ్గర చదువుకున్నాడు. ప్రయోగశాలల్లో నీలిమంటతో మండే బర్నరు ఉంటుందే, ఆ బున్‌సెనే. ఆ మంటకు వేడి ఎక్కువ, వెలుగు తక్కువ. నూలు గుడ్డను కొన్ని లోహ లవణాల ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, ఆ మంట మీద పెడితే గుడ్డ కాలిపోతుంది, బూడిద అదే ఆకారంలో నిలబడిపోయి ధగధగా వెలుగుతుంది. ఆవెర్ 1885లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది, అంతదాకా ఒకే మూలకం అనుకున్న డిడీమియాన్ని చీల్చి నియోడీమియం, ప్రేసియోడీమియం అని రెండుగా చూపించాడు. ఒక మనిషికి ఒక ఏడాదికి ఇంతకన్నా ఏం కావాలి! కానీ ఆ మొదటి మాంటిల్ వెలుగు పచ్చగా, పాలిపోయినట్టు ఉండేది. ముట్టుకుంటే రాలిపోయేది. జనం కొనలేదు, ఫ్యాక్టరీ మూతపడింది.

ఇంకొకరైతే వదిలేసేవారు. ఆవెర్ థోరియం అనే లోహం మీద పడ్డాడు. మొదట చేసిన థోరియం మాంటిల్ బాగా వెలిగింది. ఇంకా బాగా వెలగాలని థోరియాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశాడు. శుద్ధి చేసినకొద్దీ వెలుగు తగ్గిపోతూ వచ్చింది! నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇక్కడే. వెలుగు ఇస్తున్నది థోరియం కాదు, తాను కష్టపడి తీసిపారేస్తున్న మలినం. ఆ మలినమే సీరియం. ఎంత ఉండాలో కొలిచి చూస్తే 99 పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు దగ్గర కుదిరింది. సీరియం ఎక్కువైనా వెలుగు పడిపోతుంది. 1891 నవంబరు 4న వియన్నాలో ఒక కాఫీ హోటల్ ముందు ఆ దీపాన్ని వెలిగించారు. ఎడిసన్ బల్బు వచ్చాక ఇక గ్యాసు దీపాల పని అయిపోయిందనుకున్నవాళ్లు నోళ్లు తెరుచుకున్నారు. ఆ మాంటిల్‌ను కిరసనాయిలు ఆవిరికి జతచేసి, తర్వాత బెర్లిన్‌లో మాక్స్ గ్రెట్జ్ కంపెనీ చేసిందే పెట్రోమాక్స్.

థోరియం కోసం మోనజైట్ కరిగిస్తే చిక్కొకటి వచ్చింది. మోనజైట్‌లో థోరియం కొంచెమే, సీరియమూ దాని తోబుట్టువులూ చాలా ఎక్కువ. ఫ్యాక్టరీల వెనక సీరియం చెత్త కుప్పలు పడింది. దాన్ని ఇనుముతో కలిపి గీస్తే రవ్వలు రాలుతాయని కనిపెట్టి 1903లో పేటెంటు తీసుకున్నదీ ఆవెరే. సిగరెట్ లైటర్‌లో ‘రాయి’ అంటామే, అది రాయి కాదు, ఈ మిశ్రలోహం. పెట్రోమాక్స్ వెలిగించే లైటరూ, వెలిగే మాంటిలూ ఒకే కుప్పలోవి.

ఆ రోజుల్లో మోనజైట్ బ్రెజిల్ తీరం నుంచి జర్మనీకి వెళ్లేది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో ఈ గింజలు చూశాడు. పీచు వచ్చిన దారి పట్టుకుని ఇప్పటి కన్యాకుమారి జిల్లాలోని మనవాళకురిచి చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్లు బయటికి, ఇంగ్లీషు కంపెనీలు లోపలికి. అంటే 1920లలో లండన్ వీధుల్లో వెలిగిన గ్యాసు దీపాల్లో మన దేశపు ఇసుక ఉంది. తర్వాత థోరియానికి అణుశక్తి విలువ వచ్చిపడింది. ఎగుమతులు ఆగాయి, 1950 ఆగస్టు 18న ఇండియన్ రేర్ ఎర్త్స్ పుట్టింది, 1952లో ఆలువాలో దాని ఫ్యాక్టరీని నెహ్రూ ప్రారంభించాడు. 1955లో ట్రాంబేలో పెట్టిన థోరియం ప్లాంటు మన మాంటిళ్లకు కావలసిన థోరియం నైట్రేటు ఇచ్చింది. ఇప్పుడు లెక్క తిరగబడింది. అందరికీ కావలసింది రేర్ ఎర్త్‌లు, అంటే సీరియమూ దాని తోబుట్టువులూ, థోరియమేమో గోదాముల్లో కాపలా మధ్య ఉంటోంది. ఛత్రపూర్‌లోనూ మోనజైట్ నుంచి రేర్ ఎర్త్ క్లోరైడు తీసే ప్లాంటు వచ్చింది.

పెట్రోమాక్స్ పోయిందని నాకు బెంగ లేదు. ఒళ్లు కాలేది, కిరసనాయిలు కంపు వదిలేది కాదు. పెళ్లి ఊరేగింపులో దాన్ని నెత్తిన మోసినవాడికి చెవిలో హోరు, మెడలో నొప్పి తప్ప విందులో ముందు వరస ఎప్పుడూ లేదు. పోయిందని బాధపడాల్సింది దాన్ని బాగుచేసే విద్య. పిన్ను మూసుకుపోతే పొడిచేవాడు, పంపు తోలు ఎండిపోతే నూనె రాసేవాడు, మాంటిల్ చిరిగితే కొత్తది కట్టేవాడు ప్రతి సంతలోనూ ఉండేవాడు. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా దొరికేది. ఇవాళ్టి లాంతరుకు స్క్రూలు కూడా ఉండవు, అతికించేస్తారు. లోపల పది రూపాయల తీగ ఊడినా వస్తువు మొత్తం చెత్తలోకే.

బ్యాటరీ దీపం వయసు తక్కువేమీ కాదు. లెక్లాంషే సెల్ 1866 నాటిది. అమెరికాలో డేవిడ్ మైసెల్ గొట్టం టార్చికి 1899లో పేటెంటు దొరికింది. అప్పటి సెల్లులు నీరసం, బల్బులు తిండిపోతులు, కాబట్టి క్షణం వెలిగించి ఆర్పేసేవారు. మన దేశంలో ఎవరెడీ టార్చి అంటే పల్లెల్లో హోదా. అందులో వేసే ఎర్ర సెల్లులు చేసిన కంపెనీ పేరు చాలామంది మర్చిపోయారు, యూనియన్ కార్బైడ్. భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు వదిలిన ఫ్యాక్టరీ దానిదే. తర్వాత కంపెనీ చేతులు మారింది, 1995లో ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది. మన సొంత సెల్లుల సంగతికొస్తే, జపాన్ మత్సుషిత సాంకేతిక సాయంతో 1972లో మొదలైన నెల్లూరు నిప్పో ఉంది. అయిపోయిన సెల్లులను ఎండలో పెట్టి ఇంకో రెండు రాత్రులు వాడుకోవడం ఇంటింటి చిట్కా. అది వట్టి నమ్మకం కాదు. వెచ్చబడితే లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది. కొత్త శక్తి మాత్రం రాదు.

తీగ బల్బు ఒక వాటుకు పది ల్యూమెన్ల వెలుగు ఇవ్వడమే గగనం. బ్యాటరీ లాంతరు ఇంటి దీపం కాలేకపోవడానికి కారణం అదే. జపాన్‌లో నిచియా కంపెనీలో షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేశాడు. 1996లో ఆ కంపెనీయే దాని మీద ఒక పసుపు పొడి పూసి తెల్ల ఎల్‌ఈడీ అమ్మింది. ఆ పొడి యిట్రియం, అల్యూమినియం కలిపి కృత్రిమంగా చేసిన గార్నెట్. ఉత్తదైతే దానికి రంగే ఉండదు. అందులో చిటికెడు సీరియం కలిపితే నీలి కాంతిని మింగి పసుపు వెలుగు ఇస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి కంటికి తెలుపు. ఆవెర్ బతికుంటే నవ్వుకునేవాడు. ఛత్రపూర్ ఇసుకలో గార్నెట్ ఉంది, సీరియమూ ఉంది, కానీ ఆ గార్నెట్ ఇనుము కలిసిన ఎర్రది, గరుకు కాగితాలకు పోతుంది.

నీలి ఎల్‌ఈడీకి నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబరు 7న. అయిదు రోజులకే హుద్‌హుద్ తుఫాను విశాఖను చీకట్లో ముంచేసింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్ల గాలితో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 1999 అక్టోబరులో పారాదీప్‌ను ఊడ్చేసిన మహా తుఫానుకు పన్నెండు రోజుల ముందు కూడా గంజాం మీద ఒకటి విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. ఈ తీరానికి దసరా ఎంత ఖాయమో కరెంటు పోవడమూ అంతే ఖాయం. పోతే గంటల్లో రాదు, స్తంభాలు నేలకొరిగితే రోజులు, వారాలు.

అందుకే ఇంటికి లాంతరు కొనేటప్పుడు ఎన్ని ల్యూమెన్లు అన్నదానికన్నా నాలుగో రాత్రి వెలుగుతుందా అన్నది ముందు అడగాలి. డబ్బా మీద వెయ్యి అని రాస్తారు, నిండుగా వెలిగిస్తే రెండు మూడు గంటల్లో కొండెక్కుతుంది. అన్నం తినడానికి, మందుబిళ్ల వెతకడానికి వంద ల్యూమెన్లు ధారాళం, హరికేన్ లాంతరు అంత కూడా ఇవ్వదు. ఆ వందకు మంచి ఎల్‌ఈడీకి ఒక వాటు చాలు. మూడు పెద్ద ఆల్కలైన్ సెల్లుల్లో సుమారు 50 వాట్-గంటలుంటాయి, నష్టాలు తీసేసినా నలభై గంటలు వస్తుంది. చవక జింకు సెల్లులైతే అందులో మూడో వంతో సగమో. బొటనవేలంత లిథియం సెల్ ఒకటున్న ఛార్జింగు లాంతరులో తొమ్మిది పది వాట్-గంటలే. రోజువారీ కోతలకు అది చక్కగా పనికొస్తుంది, తుఫానుకు మాత్రం సోలార్ పలకో, కారు ఛార్జరో తోడుండాలి. నా ఓటు రెండూ ఉంచుకోవడానికే, ఒకటే కొనగలిగితే సెల్లులు మార్చుకునేదానికి. మూత తీయగలిగే లాంతరును బాగుచేసుకోగలం కూడా. ఆల్కలైన్ సెల్లులు లాంతరులో కాకుండా విడిగా దాచుకుంటే ఏళ్లతరబడి ఉంటాయి. లోపలే వదిలేస్తే కారి స్ప్రింగులు తినేస్తాయి. 1990లలో ఇంటింటా ఉన్న రెండు చిన్న ట్యూబుల ఎమర్జెన్సీ లైటు ఇలాగే పోయేది. లోపలి సీసం బ్యాటరీ ఛార్జి లేకుండా అటక మీద నెలలు పడుంటే గడ్డకట్టి చచ్చేది. లిథియందాన్ని సగం ఛార్జితో, చల్లటిచోట ఉంచాలి, రేకుల ఇంట్లో కప్పు కింద కాదు.

ఆరుబయటికి లెక్క వేరు. పడవలో, ఒడ్డున ఇసుక, ఉప్పుగాలి ఛార్జింగు రంధ్రంలోకి దూరతాయి. రబ్బరు మూత గట్టిగా పట్టాలి. ఐపీఎక్స్4 అంటే జల్లుకు ఆగుతుంది, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా బతుకుతుంది. జాలరికి రెండోదే.

ఛత్రపూర్‌లో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు. సుమారు ఏడు వారాలకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి లేచి, ఎటు వెలుతురుంటే అటు పోతాయి. ఒకప్పుడు అటు సముద్రమే ఉండేది. ఇప్పుడు రోడ్లు, ఫ్యాక్టరీలు, వీధి దీపాలు. అందుకే ఆ రోజుల్లో ఒడ్డువైపు లైట్లు తగ్గించమని అటవీశాఖ చెబుతుంది. తెల్ల ఎల్‌ఈడీలోని నీలం పాలు వాటిని బాగా లాగుతుంది, ఎరుపు అంతగా లాగదు. ఎర్ర ఎల్‌ఈడీ నీలిదానికన్నా మూడు దశాబ్దాలు పెద్దది, 1962లో నిక్ హోలోన్యాక్ చేశాడు. దానికి ఏ పొడీ పూయక్కర్లేదు. కాబట్టి పిల్లల్ని చూడ్డానికి ఆ ఒడ్డుకు పోయేవాళ్లు ఎర్ర లైటు కూడా ఉన్న లాంతరు కొనండి. వెయ్యి ల్యూమెన్ల తెల్లదాన్ని, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, ఇంటి వసారాలోనే తగిలించి రండి.