స్టంపు మీద రూపాయి బిళ్ళ



నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల శ్రోతలకు దాదర్ పేరు కొత్తది కాదు. బొంబాయిలో మనవాళ్ళు లేని ఊరు ఈ సరిహద్దున అరుదు. 18వ శతాబ్దం చివరి నుంచి తెలుగు కూలీలు, మేస్త్రీలు ఆ నగరానికి వలస పోయి దాని రోడ్లూ భవనాలూ కట్టారు. వారిని అక్కడివారు కామాఠీలు అన్నారు. వారి పేటే కామాఠీపురా అయింది. తరువాత బట్టల మిల్లులు వెలిసినప్పుడు మన పద్మశాలీలు పరేల్, వర్లీ, నాయ్‌గావ్ చాళ్ళలో చేరి మగ్గాల మీద పనిచేశారు. ఆ మిల్లుల పేటలను ఆనుకొని దాదర్ ఉంది. దాదర్‌కు పడమటగా శివాజీ పార్కు ఉంది. ఆ మైదానంలో నలభై ఏళ్ళకు పైగా పిల్లలకు ఆట నేర్పిన రమాకాంత్ విఠల్ ఆచ్రేకర్ గురించి ఈనాటి ప్రసంగం.

ముందుగా ఆ మైదానం సంగతి చెప్పుకోవాలి. అది 1925లో మాహిం పార్కు పేరుతో ప్రజలకు తెరిచిన స్థలం. ఛత్రపతి శివాజీ జన్మించి మూడు వందల ఏళ్ళయిన సందర్భంగా 1927లో దానికి శివాజీ పార్కు అని పేరు పెట్టారు. దాని విస్తీర్ణం సుమారు 28 ఎకరాలు. చుట్టూ ప్రహరీ లేదు, కూర్చోవడానికి పొట్టి గోడ మాత్రమే ఉంది. బొంబాయిలో జింఖానాలకు సభ్యత్వ రుసుములున్నాయి, సిఫారసులున్నాయి. ఈ మైదానంలోకి అడుగు పెట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. పది అడుగుల గదిలో ఎనిమిది మంది నిద్రించే చాల్ పిల్లవాడికి ఇంతకు మించిన ఆస్తి ఏముంటుంది?

ఆచ్రేకర్ 1932లో కొంకణ తీరంలోని మాల్వణ్‌లో జన్మించారు. 1945లో న్యూ హింద్ స్పోర్ట్స్ క్లబ్బు తరఫున ఆడడం మొదలుపెట్టారు. ఆ తరువాత యంగ్ మహారాష్ట్ర జట్టుకు, గుల్ మొహర్ మిల్లుకు, బొంబాయి పోర్టుకు ఆడారు. ఆ రోజుల్లో మిల్లులూ, బ్యాంకులూ, రైల్వేలూ తమ తమ జట్లను పోషించేవి. ఆటగాడికి అదే అన్నం, అదే ఆట.

ఇక్కడ మన తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆచ్రేకర్ తన జీవితంలో ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచి ఒక్కటే. ఆ ఒక్కటీ మన హైదరాబాదులో జరిగింది. 1963లో మొయినుద్దౌలా గోల్డ్ కప్పు పోటీలో స్టేట్ బ్యాంక్ జట్టు తరఫున హైదరాబాద్ జట్టుపై ఆడారు. మళ్ళీ ఆ అవకాశం రాలేదు. పెద్ద ఆటగాడు కాలేకపోయిన మనిషి తనకు తెలిసిన ఆటను తనలోనే దాచుకుని కూర్చోవచ్చు. ఆయన అలా చేయలేదు. శివాజీ పార్కులో కామత్ మెమోరియల్ క్లబ్బు నెలకొల్పి, దాదర్‌లోని శారదాశ్రమ్ విద్యామందిర్ పిల్లలను తీర్చిదిద్దే పనికి పూనుకున్నారు.

ఆయన పద్ధతిలో రహస్యం ఏమీ లేదు. నెట్స్‌లో ఎంత సాధన చేసినా మ్యాచి ఆడనిదే ఆట రాదని ఆయన నమ్మకం. అందుకని ఒక్కొక్క పిల్లవాడికి వీలైనన్ని మ్యాచిలు ఏర్పాటు చేసేవారు. పిల్లవాణ్ణి స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని ఒక మైదానం నుంచి మరో మైదానానికి తీసుకుపోయేవారు. ఈ కుర్రవాణ్ణి నాలుగో స్థానంలో ఆడించమని అక్కడి కెప్టెనుకు చెప్పి ఒప్పించేవారు. ఒక వేసవి సెలవుల్లో, అరవై రోజుల్లో యాభై అయిదు మ్యాచిలు ఆడానని సచిన్ తెందూల్కర్ తరువాతి కాలంలో రాసుకున్నారు.

సచిన్ 1984లో పదకొండేళ్ళ వయసులో ఆచ్రేకర్ వద్దకు వచ్చాడు. సార్ ఎదురుగా నిలబడి చూస్తుంటే బెదిరిపోయి మొదటి రోజు సరిగా ఆడలేకపోయాడు. దూరం నుంచి మరొక్కసారి చూడమని అన్న అజిత్ వేడుకున్నాడు. సార్ పక్కకు వెళ్ళి, పిల్లవాడికి కనపడకుండా చూశారు. ఈసారి చేర్చుకున్నారు. బాంద్రాలోని బడి మాని శారదాశ్రమ్‌లో చేరమని సలహా ఇచ్చిందీ ఆయనే. రోజూ బస్సులు మారి రావడంతో పిల్లవాడు అలసిపోతుంటే, శివాజీ పార్కు దగ్గరున్న పిన్ని, బాబాయిల ఇంట్లో ఉంచారు.

సాయంత్రం సాధన ముగిసే వేళకు స్టంపు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టేవారు. మిగతా పిల్లలంతా చుట్టూ చేరి ఫీల్డింగు చేసేవారు. ఔట్ చేసిన బౌలరుకు ఆ రూపాయి. ఔట్ కాకుండా నిలిస్తే అది బ్యాట్స్‌మన్‌ది. అలా గెలుచుకున్న పదమూడు బిళ్ళలను సచిన్ భద్రంగా దాచుకున్నారు. అంతటితో ఇంటికి పోనిచ్చేవారు కాదు. ప్యాడ్లు, గ్లవ్స్ విప్పకుండా శివాజీ పార్కు చుట్టూ రెండు సార్లు పరుగెత్తాలి. ఆట ఏదైనా దానికి మూలం కాళ్ళ సత్తువే అని ఆయనకు తెలుసు.

1988 ఫిబ్రవరిలో హారిస్ షీల్డు సెమీఫైనల్ ఆజాద్ మైదానంలో జరిగింది. సెయింట్ జేవియర్స్ బడిపై సచిన్, కాంజూర్‌మార్గ్ చాల్‌లో పెరిగిన వినోద్ కాంబ్లీ కలిసి 664 పరుగులు చేశారు. కాంబ్లీ 349, సచిన్ 326, ఇద్దరూ ఔట్ కాలేదు. ఇన్నింగ్స్ డిక్లేర్ చేయమని గట్టు మీది నుంచి కబురు వస్తున్నా వినపడనట్టే ఆడారు. ఆ తరువాత కాంబ్లీ బంతి పట్టి ఆరు వికెట్లు కూడా తీశాడు. ఆ జోడీ పేరు దేశమంతా మోగింది.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఒకసారి సాయంత్రం ఆడవలసిన మ్యాచి ఎగ్గొట్టి సచిన్ వాంఖడే స్టేడియానికి పోయి, తమ బడి పెద్ద పిల్లల ఆటకు చప్పట్లు కొడుతూ కనపడ్డాడు. సార్ చెంప ఛెళ్ళుమనిపించారు, చేతిలోని టిఫిన్ డబ్బా ఎగిరిపడింది. ఇతరులకు చప్పట్లు కొట్టడం కాదు, నీకు ఇతరులు కొట్టేలా ఆడు అన్నారట. ఆ మాటలో బలం ఉంది. ఆ దెబ్బను మాత్రం మనం మెచ్చుకోనక్కరలేదు. పిల్లవాడిపై చేయి చేసుకోవడం ఆనాటి గురువులకు సహజంగా తోచింది, ఈనాడు మనం దాన్ని తప్పంటాం. ఆయన గొప్పతనం దెబ్బలో లేదు. ప్రతి పిల్లవాడి కోసం మైదానాలు తిరిగిన ఆ స్కూటరులో ఉంది.

ఆయన శిష్యుల జాబితా పెద్దది. 1983 ప్రపంచ కప్పు ఫైనల్లో గ్రీనిడ్జ్‌ను బౌల్డ్ చేసిన బల్విందర్ సంధూ, చంద్రకాంత్ పండిత్, లాల్‌చంద్ రాజ్‌పుత్, ప్రవీణ్ ఆమ్రే, అజిత్ అగార్కర్, రమేశ్ పొవార్ వారిలో కొందరు. వీరిలో పలువురు మళ్ళీ శిక్షకులయ్యారు. పండిత్ శిక్షణలో విదర్భ జట్టు 2017-18, 2018-19 సంవత్సరాల్లో వరుసగా రంజీ ట్రోఫీ గెలిచింది. 2021-22లో మధ్యప్రదేశ్ కూడా ఆయన చేతి కింద గెలిచింది. ఒక దీపంతో మరో దీపం వెలిగించడమంటే ఇదే.

ప్రభుత్వం ఆచ్రేకర్‌కు 1990లో ద్రోణాచార్య పురస్కారం, 2010లో పద్మశ్రీ ఇచ్చింది. 2013 నవంబరులో వాంఖడేలో చివరి టెస్టు ముగించి మాట్లాడుతూ సచిన్ తన గురువును తలుచుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళలో సార్ తనను ఒక్కసారైనా బాగా ఆడావని మెచ్చుకోలేదనీ, పొగిడితే శ్రమ తగ్గుతుందని ఆయన భయమనీ, ఇక తాను ఆడబోయే మ్యాచి లేదు గనుక ఇప్పుడైనా ఆ మాట అనవచ్చుననీ అన్నారు. 2019 జనవరి 2న ఆచ్రేకర్ కన్నుమూశారు. 2024 డిసెంబరులో శివాజీ పార్కు అయిదో నంబరు ద్వారం వద్ద ఆయన స్మారకాన్ని ఆవిష్కరించారు.

శ్రోతలారా, ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ఎక్కువ మంది టెస్టు ఆటగాళ్ళు కాలేదు. ఏ గురువు దగ్గరైనా అంతే. కానీ ఆ సాయంకాలాలు వారికి వృథా పోలేదు. వేళకు రావడం, ఔటైతే మాట్లాడకుండా తప్పుకోవడం, మర్నాడు మళ్ళీ రావడం వారు నేర్చుకున్నారు. 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలై, ఆ తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి నేలల మీద ఆకాశమంత మేడలు లేచాయి. మన మగ్గం పనివారి చాళ్ళు కూడా చాలా పోయాయి. ఆ ఖాళీ మైదానం మాత్రం మిగిలింది. మిగిలింది గనుకనే ఒక ఆచ్రేకర్‌కు పని దొరికింది.

మన ఊళ్ళలో బడి పక్కన ఉన్న ఖాళీ జాగా మీద ఎందరి కళ్ళో పడతాయి. దాన్ని కాపాడుకోవడం మన చేతిలో ఉంది. దాని ఒడ్డున రోజూ సాయంత్రం నిలబడే వ్యాయామోపాధ్యాయుడు మీ ఊళ్ళో ఉంటే, ఆయనకు ఒక నమస్కారం పెట్టండి. ఆయన జేబులోనూ ఒక రూపాయి బిళ్ళ ఉండవచ్చు.