ఆకు మీద ఎనభై అట్మాస్ఫియర్లు

రాత్రి పన్నెండు దాటింది. మిర్యాలగూడ అవతల, సాగర్ ఎడమ కాలువ కింద ఒక మడి గట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. సంక్రాంతి వెళ్లి వారమైంది. యాసంగి వరి పిలకలు తొడుగుతోంది. గాలి లేదు. చలి మెడ దగ్గర మొదలై వెన్నులోకి దిగుతోంది. రెండడుగులు మడిలోకి వేశారో లేదో, స్వెట్టరు చేతులు మోచేతిదాకా తడిసిపోయాయి. టార్చి వేస్తే ఆకులన్నీ మంచుతో తళతళలాడుతున్నాయి.

ముందు నడుస్తున్న రైతు వంగి, ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పరిచి చూపిస్తాడు. నూలు కండె ఆకారంలో మచ్చ. అంచు గోధుమ రంగు, నడుమ బూడిద. అలాంటివి రెండు కలిసిన చోట ఆకు ఎండిపోయి నిప్పు తగిలినట్టే ఉంది. అగ్గి తెగులు అనే పేరు పెట్టిన వాళ్లు పుస్తకం చూసి పెట్టలేదు.

"మచ్చ కనవడ్డంక వెంటనే కొట్టిన సార్. అయినా ఆగలే. మందే మంచిది కాదో ఏందో," అంటాడతను.

ఈ ప్రశ్నకు జవాబు ఈ మడిలోనే, రేపు రాత్రికల్లా ఈ ఆకుల మీదే దొరకబోతోంది. కాకపోతే కంటికి ఆనేది కాదు. మీరు ఒక మిల్లీమీటరులో వందో వంతుకి కుంచించుకుపోవాలి.

కుంచించుకుపోయారు. ఇప్పుడు మీ కాళ్ల కింద ఉన్నది మైనం పూసిన పెద్ద మైదానం. అక్కడక్కడా ఇసుక గుట్టల్లాంటి సిలికా దిబ్బలు. మంచుబొట్లు చెరువుల్లా నిలిచి ఉన్నాయి. పక్క ఆకు మీది మచ్చలోంచి లేచిన ఒక సిద్ధబీజం గాలిలో తేలుతూ వచ్చి మీ ఎదుటే దిగుతుంది. కన్నీటిచుక్క ఆకారం, లోపల మూడు గదులు. అగ్గి తెగులు తెచ్చే ఈ శిలీంద్రం తన బీజాలను ఎక్కువగా అర్ధరాత్రికి, తెల్లవారుజాముకి మధ్యే వదులుతుంది. ఆకు తడిగా ఉండేది, ఎండ సోకనిది ఆ వేళే కదా.

తడి తగలగానే దాని కొసలోంచి జిగురు ఊరి, బీజం ఆకుకి అతుక్కుంటుంది. వంటింటి పెనానికి ఏదీ అంటకుండా పూసే టెఫ్లాన్‌కి కూడా ఈ జిగురు పట్టుకుంటుందని 1988లోనే ప్రయోగం చేసి చూశారు. కొన్ని గంటల్లో బీజం ఒక చివర సన్నటి గొట్టం మొలుస్తుంది. గొట్టం కాస్త దూరం పాకి, కొస వంచి, అడుగు తడిమి చూసుకుంటుంది. గట్టిగా ఉందా? నీటిని అంటనివ్వని నునుపు ఉందా? ఉంటే చాలు, పాకడం ఆపేస్తుంది. నిజానికి దానికి వరి ఆకే అక్కర్లేదు. ప్లాస్టిక్ పలక మీద ఒక నీటిచుక్కలో వేసినా ఇదంతా చేసి చూపిస్తుంది. శాస్త్రజ్ఞులకు అది వరమైంది: పొలం లేకుండా, మొక్క లేకుండా, మైక్రోస్కోపు కిందే దాడి మొత్తం చూడొచ్చు.

తూరుపు తెల్లబడుతోంది, కానీ పొగమంచు విడవలేదు. గొట్టం కొస ఉబ్బి చిన్న గుమ్మటమైంది. దీని పేరు అప్రెసోరియం. అడ్డం కొలిస్తే మిల్లీమీటరులో వందో వంతు, అంటే ఇంచుమించు మన రక్తంలోని ఒక ఎర్రకణమంత. వెనక ఉన్న బీజం తనలోని కొవ్వునూ గ్లైకోజన్‌నూ ఈ గుమ్మటంలోకి తోసేసి, ఒక్కో గదే కుంగి చచ్చిపోతోంది. ఇక వెనక్కి దారి లేదు. ఇల్లూ వాకిలీ అమ్మి ఒకే పందెం మీద పెట్టినవాడి సంగతి దీనిది.

చూస్తుండగానే గుమ్మటం నల్లబడుతోంది. గోడ లోపలి వైపున మెలనిన్ పూత పడుతోంది. మన జుట్టు నలుపుకీ అదే పేరు, తయారయ్యే దారి మాత్రం వేరు. ఈ పూత అందానికి కాదు. గోడలోని సందుల్ని పూడ్చడానికి. నీరు లోపలికి రాగలదు. లోపల పేరుకుంటున్న గ్లిజరాల్ మాత్రం బయటికి పోలేదు.

నీరు వస్తూ, గ్లిజరాల్ పోలేని చోట ఎంత ఒత్తిడి పుడుతుందో తెలియాలంటే ఇక్కడ కాసేపు ఆగి, 1870ల జర్మనీ వెళ్లి రావాలి. విల్‌హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక మట్టికుండ ముందు కూర్చుని ఉన్నాడు. కుండ గోడ సందుల్లో రసాయనంతో ఒక పొర కట్టించాడు. నీరు దాటుతుంది, చక్కెర దాటదు. కుండలో చక్కెర నీళ్లు పోసి, మామూలు నీళ్లలో నిలబెట్టి, లోపల పెరిగే ఒత్తిడిని పాదరసంతో కొలుస్తున్నాడు. నూటికి ఒక పాలు చక్కెరకే సుమారు 0.7 అట్మాస్ఫియర్ల ఒత్తిడి! 1877లో ఆ అంకెలు అచ్చయ్యాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో హ్యూగో ద వ్రీస్ అనే మరో వృక్షశాస్త్రవేత్త వాటి గురించి తన సహోద్యోగి వాంట్ హాఫ్‌కు చెప్పాడు. రసాయనశాస్త్రజ్ఞుడైన వాంట్ హాఫ్ ఆ పట్టికల్లో ఎవరూ చూడనిది చూశాడు: నీళ్లలో కరిగిన చక్కెర, సీసాలో బంధించిన వాయువు పాటించే సూత్రాన్నే పాటిస్తోంది. గాఢతను ఒక స్థిరాంకంతో, ఉష్ణోగ్రతతో గుణిస్తే పీడనం వస్తుంది. అంతే. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఇంటర్ పుస్తకంలో ఈ సూత్రాన్ని బట్టీ పట్టినప్పుడు దాని వెనక మొక్కల మనుషులు ఇద్దరున్నారని మనకెవరూ చెప్పరు.

ఆ సూత్రం పట్టుకుని మళ్లీ ఆకు మీదికి రండి. గుమ్మటంలో గ్లిజరాల్ లీటరుకు 3 మోల్‌లు దాటుతుందని 1997లో తేల్చారు. 3ని ఆ స్థిరాంకం 0.082తో గుణించి, దాన్ని 293 కెల్విన్‌లతో, అంటే 20 డిగ్రీల సెల్సియస్‌తో గుణించండి. 72 అట్మాస్ఫియర్లు వస్తుంది.

సూత్రం చెప్పింది సరే, కొలిచి చూసిందెవరు? 1991లో అమెరికాలో హోవార్డ్ బృందం ఆ పని చేసింది. గుమ్మటంలోకి సూది దించి కొలవలేం. కాబట్టి తిరగేసి ఆలోచించారు. బయట ఉన్న ద్రావణాన్ని క్రమంగా చిక్కబరుస్తూ పోతే, ఒకచోట లోపలి ఒత్తిడి ఓడిపోయి గుమ్మటం సొట్టపడాలి. ఏ గాఢత దగ్గర సొట్టపడిందో చూస్తే లోపల ఎంతుందో తెలిసినట్టే. తేలింది 8 మెగాపాస్కల్‌లు. అట్మాస్ఫియర్లలో ఇంచుమించు 80. చిక్కటి ద్రావణాల్లో వాంట్ హాఫ్ లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది. అయినా కాగితం మీది 72 కొలత పక్కన నిలబడగలిగింది.

పొద్దెక్కింది. రైతు భార్య తెచ్చిన సకినాలు నాలుగు నమిలారు. ఇంకో రెండు నమిలారు. చలిలో కూడా నాలుక పిడచగట్టుకుపోతోంది. నీళ్ల సీసా కోసం వెతుక్కుంటున్నారు. ఇప్పుడు మీ ఒంట్లో జరుగుతున్నది కూడా అదే లెక్క. మన రక్తంలో కరిగిన పదార్థాల గాఢత కిలో నీటికి 285 నుంచి 295 మిల్లీ ఆస్మోల్‌ల మధ్య నిలకడగా ఉంటుంది. సకినాల ఉప్పు దాన్ని నూటికి ఒకటి రెండు పాళ్లు పెంచిందంటే చాలు, మెదడు దాహం పుట్టిస్తుంది, మూత్రపిండాలకు నీళ్లు పట్టి ఉంచమని కబురు పంపుతుంది. ఆ గాఢతను వాంట్ హాఫ్ సూత్రంలో వేస్తే 7 అట్మాస్ఫియర్ల పైచిలుకు. మీ ఎర్రకణాలు లోపలా అంతే, బయటా అంతే కాబట్టి బతుకుతున్నాయి. వాటికి గోడ లేదు, పలచటి పొరే. ఒట్టి నీళ్లలో వేస్తే ఉబ్బి పగులుతాయి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపేది అందుకే. ఏడుకే మనం ఇంత జాగ్రత్తపడుతుంటే, ఇంచుమించు ఎర్రకణమంతే ఉన్న ఆ బూజు గుమ్మటం ఎనభైని ఒంటరిగా మోస్తోంది!

మధ్యాహ్నం. పైకి ఏ కదలికా లేదు, కానీ గుమ్మటం అడుగున మెలనిన్ పూయకుండా వదిలిన చిన్న రంధ్రం ఒకటుంది. ఒత్తిడంతా అక్కడికే మళ్లుతుంది. రాత్రికి అందులోంచి మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం ఉన్న మేకు ఒకటి కిందికి పొడుచుకొస్తుంది. మైనం, సిలికా, కణం గోడ, వరసగా చీలతాయి. కరిగించే ఎంజైములు సాయం చేస్తే చేయొచ్చు గాక. కానీ ఎంజైములకు లొంగని ప్లాస్టిక్ పొరల్ని కూడా ఇది పొడిచేసిందంటే, ప్రధానంగా పని చేసింది బలమే.

ఆ బలం ఎంత? ఈ శిలీంద్రానికి దూరపు చుట్టం ఒకటుంది, మొక్కజొన్న మీద బతికే కొలెటోట్రైకమ్. మన మిర్చిలో కాయకుళ్లు తెచ్చేది కూడా ఆ ప్రజాతిలోదే. 1999లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో భౌతికశాస్త్రజ్ఞులు, మొక్కల తెగుళ్ల వాళ్లు కలిసి కూర్చున్నారు. ఆ మొక్కజొన్న శిలీంద్రాన్ని ఒక మెత్తటి పొర మీద పెంచి, మేకు దిగినప్పుడు పొరలో పడే సొట్టను కాంతి సాయంతో కొలిచారు. 17 మైక్రోన్యూటన్‌లు. 1.7 మిల్లీగ్రాముల బరువు, అంటే ఒక వడ్లగింజ బరువులో పదో వంతు కూడా కాదు. మీ చర్మం మీద పెడితే తెలియను కూడా తెలియదు. అదంతా ఒక సూదిమొనకన్నా సన్నటి చోట మోపడంలోనే ఉంది కిటుకు.

ఇప్పుడు రైతు ప్రశ్నకు రండి. అతను కొట్టింది ట్రైసైక్లజోల్, కొట్లో బీమ్ అని అడిగి తెచ్చుకునేది. లీటరుకు 0.6 గ్రాములు, ఎకరానికి 120 గ్రాముల పొట్లం. ఈ మందు శిలీంద్రాన్ని చంపదు. బీజం మొలుస్తుంది, గొట్టం పాకుతుంది, గుమ్మటం కడుతుంది. ఒక్క మెలనిన్ తయారీని మాత్రం మధ్యలో ఆపేస్తుంది. గోడ పూడదు, గ్లిజరాల్ కారిపోతుంది, ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. ఇంత నాజూకైన మందు తెగుళ్ల మందుల్లో చాలా తక్కువని నా అభిప్రాయం. (యూరప్ వాళ్లు దిగుమతి బియ్యంలో దీని అవశేషాల పరిమితిని 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించారు. బాస్మతి ఎగుమతిదారులకు ఆ నాజూకు వేరే రకంగా తగిలింది.)

అంటే మందు పనిచేసేది మేకు దిగేలోపే. దిగాక మచ్చ పైకి తేలడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఆకు పచ్చగానే ఉంటుంది, బూజు లోపల కణం నుంచి కణానికి పాకుతూనే ఉంటుంది. మచ్చ చూసి కొట్టిన మందు ఆ ఆకును కాపాడదు. ఇంకా సోకని పక్క ఆకుల్ని కాపాడుతుంది. మూడో రోజున ఇంకో పది మచ్చలు తేలితే అవి మందు కొట్టకముందు దిగిన మేకులే.

ఇదంతా విని రైతు కాసేపు గట్టు మీద కూర్చుంటాడు.

"అంటే కాలిన మడికంటే కాలని మడికే ముందు కొట్టాలె."

అవును. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి ఈ తెగులు చెలరేగుతుంది కాబట్టి రేపు వేద్దామనుకున్న పైపాటు యూరియా కూడా ఆపాలి. అతను లేచి తైవాన్ పంపు భుజానికెత్తుకుంటూ కొడుకును కేకేస్తాడు: "ఒరేయ్, యూరియా బస్తా ఇప్పకు. బండ్ల ఏసి ఇంటికి కొంటవో."