మెథోట్రెక్సేట్: రక్త క్యాన్సర్ నుంచి కీళ్లవాతం దాకా

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ప్రాణాంతకమైన రక్తహీనత ఎందుకు వస్తోందో తేల్చడానికి పూనుకున్నారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో పనిచేసింది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తెలిసింది. కణం కొత్త కణాలుగా విడిపోవాలంటే అది కావాలి. మెథోట్రెక్సేట్ దానికి అడ్డుపడే మందు.

ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే పని న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో సాగింది. అక్కడ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చినప్పుడు ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ముదురుతున్నట్టు బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అలాగైతే దానికి విరోధి ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. తగ్గింది కొన్ని నెలలే, మళ్లీ తిరగబెట్టింది. మందు ఇవ్వని పిల్లలతో పోల్చి చూసిందీ లేదు. అయినా ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. ఆ జబ్బుతో మంచం పట్టిన పిల్లలు లేచి తిరగడం అంతకుముందు దాదాపు ఎవరూ చూడలేదు మరి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్లు.

కాస్త తక్కువ విషపూరితమైన మెథోట్రెక్సేట్ త్వరలోనే అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దీన్ని మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమాకు వాడారు. కణితులు కరిగిపోయాక కూడా అవి విడుదల చేసే హార్మోను కొందరిలో మిగిలే ఉంది. అది పూర్తిగా పోయేదాకా మందు ఆపనన్నారు లీ. ఆ పట్టుదల వల్లే ఆయన ఉద్యోగం పోయింది. ఆయన అన్నదే నిజమని తర్వాత రుజువైంది. ఒంట్లో వ్యాపించిన కణితి మందుతోనే పూర్తిగా నయమవుతుందని లోకానికి తెలిసింది ఇక్కడే. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే.

కీళ్లవాతం దారి వేరు. అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం, సోరియాసిస్ తగ్గుతున్నాయని 1951లోనే గమనించారు. కానీ అప్పటికి అందరి చూపూ కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మీదే. పైగా కీళ్ల నొప్పి దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. రోగి బాగున్నానన్నంత మాత్రాన అది మందు గొప్పతనమని చెప్పలేం. మందు లేని బిళ్లతో పోల్చిన బోస్టన్ పరీక్ష ఫలితం 1985లో వెలువడింది. వారానికోసారి చిన్న మోతాదు పనిచేస్తుందని తేలింది. 1988లో అమెరికా అనుమతి వచ్చింది. ఈనాటికీ కీళ్లవాతానికి మొదట రాసే మందు ఇదే.

వాపును తగ్గించే మందు గుండెపోటునూ ఆపుతుందా? దాదాపు 4,800 మందిపై పరీక్షించారు. ఆపలేదని 2018లో తేలింది. ఇలాంటి ఫలితాన్ని వైఫల్యం అనడం నాకు నచ్చదు. ఎందరికో అనవసరమైన మందు తప్పింది. 2023లో మెల్‌బోర్న్ పరిశోధకులు వాపుతో కూడిన చేతివేళ్ల కీళ్ల అరుగుదలలో ఇది నొప్పి తగ్గిస్తుందని చూపారు. ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ అనే జబ్బుకు మొదటి మందుగా ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌కు ఇది తీసిపోదని 2025లో నెదర్లాండ్స్ పరీక్ష చెప్పింది.

మీ ఇంట్లో ఎవరైనా కీళ్లవాతానికో సోరియాసిస్‌కో ఈ బిళ్ల వాడుతుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది వారానికి ఒకసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి.