శిగ్రువు నుంచి మునగాకు పొడి దాకా

హిమాలయ పర్వతాల దిగువన, భారతదేశపు వాయవ్య భాగంలో పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పే మునగ, ద్వీపకల్పమంతటా పెరటి చెట్టుగా స్థిరపడింది. తెలుగునాట కొన్నిచోట్ల ములగగా, కొన్నిచోట్ల మునగగా పిలిపించుకుంటూ, పులుసులో కాడగానూ పప్పులో ఆకుగానూ నిత్యం కనిపించే ఈ చెట్టును ప్రాచీన వైద్య గ్రంథాలు కూరగా కంటే ఘాటైన మందుగానే ఎక్కువగా ప్రస్తావించాయి. సంస్కృతంలో దీని పేర్లు శిగ్రువు, శోభాంజనం. చరక సంహిత శోభాంజనాన్ని స్వేదోపగాలలో, అంటే చెమట పట్టించే చికిత్సకు తోడ్పడే మూలికలలో చేర్చగా, 16వ శతాబ్దపు భావప్రకాశం దీని గింజలను శ్వేతమరిచం, అంటే తెల్ల మిరియం, అని పేర్కొంది.

ఈ ఘాటుకు కారణం చెట్టు వంశంలోనే ఉంది. మునగ ఆవ మొక్కకు దూరపు చుట్టం. ఆకునో వేరునో నలిపినప్పుడు కణాలలోని గ్లూకోసినోలేట్లు అనే గంధక పదార్థాలు విడివడి ఆవపిండిని తలపించే కారాన్ని పుట్టిస్తాయి. వలస పాలన కాలంలో ఇక్కడి ఆంగ్లేయులు తమ దేశపు హార్స్‌రాడిష్ దుంపకు బదులు మునగ వేరును తురిమి మాంసంతో తినడానికీ, ఇంగ్లీషులో ఈ చెట్టుకు హార్స్‌రాడిష్ ట్రీ అన్న పేరు నిలిచిపోవడానికీ ఆ కారమే మూలం. వేరు నిరపాయకరం కాదని ఆ వంటశాలలు గమనించినట్లు లేదు.

యూరప్ పండితులకు మునగను సవిస్తరంగా పరిచయం చేసిన గ్రంథాలలో ఒకటి, కొచ్చిలో డచ్చి గవర్నరుగా ఉన్న వాన్ రీడ్ మలయాళ వైద్యుల సాయంతో కూర్పించగా, 1678-1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడిన హోర్తుస్ మలబారికుస్. 1785లో వృక్షశాస్త్రజ్ఞుడు లమార్క్ పెట్టిన మోరింగా ఒలీఫెరా అన్న శాస్త్రీయ నామంలో మొదటి మాట తమిళ మురుంగై నుంచి వచ్చింది, రెండవదానికి నూనెనిచ్చేది అని అర్థం. గింజల నుంచి తీసే ఆ నూనె త్వరగా కనరెక్కదు కనుక గడియారాల కందెనగానూ, అత్తరుల తయారీలోనూ వాడేవారు.

నూనె తీయగా మిగిలిన పిండిలోనూ గొప్ప గుణం ఉంది. సూడాన్‌లో నైలు బురదనీటిని స్త్రీలు మునగ గింజల పొడితో తేర్చుకునే తీరును 1970ల నుంచి పరిశోధకురాలు సామియా అల్ అజారియా జాన్ పరిశీలించి శాస్త్రలోకం ముందుంచారు. గింజలోని ధనావేశం గల ప్రొటీన్లు నీటిలో తేలాడే రుణావేశపు మట్టి రేణువులను పట్టి ముద్దచేసి అడుగుకు దింపుతాయి. అయితే తేరిన నీరు పూర్తిగా సూక్ష్మజీవి రహితం కాదు కనుక కాచుకోవడం తప్పదు.

పోషకాల చర్చకు వస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తెలుగు పాఠకులకు అందుబాటులో ఉన్న ముఖ్య ఆధారం. 100 గ్రాముల పచ్చి మునగాకులో సుమారు 6.5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని, కాల్షియం పాత పట్టికలో 440, 2017 నాటి పట్టికలో 314 మిల్లీగ్రాములని అవి చెబుతాయి. ఇనుము అంకె ఇంకా విచిత్రం: మొదట 7 మిల్లీగ్రాములు, సవరించిన ముద్రణలో 0.85, 2017లో సుమారు 4.5. ఆకు ముదురు, నేల స్వభావం, అంటుకున్న ధూళి, కొలిచే పద్ధతి ఇంతటి తేడాను తేగలవు కనుక, ఏదో ఒక్క అంకెను పట్టుకుని రక్తహీనతకు ఇదే మందు అనడం తొందరపాటు. పాలకంటే ఎన్నో రెట్లు కాల్షియం అనే ప్రచారం కూడా 100 గ్రాముల ఎండుపొడిని 100 గ్రాముల పాలతో పోల్చి చెప్పినదే. చెంచాడు పొడిలో వచ్చేది అర గ్లాసు పాలకు మించదు. తెలుగువారు పొగడ్తకు మునగచెట్టు ఎక్కించడం అని పేరు పెట్టింది ఆ చెట్టు కొమ్మ పెళుసుదనం ఎరిగే. నేటి ప్రచారం ఆ చెట్టునే ఆ కొమ్మ మీద కూర్చోబెడుతోంది.

ఆకుకూరలలో మాత్రం మునగాకుది నిస్సందేహంగా ముందువరుసే. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం తెలుగిళ్లలో నేటికీ ఉంది. రెమ్మలను రాత్రి గుడ్డలో మూటగట్టి ఉంచితే తెల్లవారేసరికి ఆకు దానంతటదే రాలుతుంది, మిగిలిన ఈనెలు ఏరేస్తే చాలు. పొడి చేసేవారు నీడన ఆరబెడతారు, ఎండలో విటమిన్లు ఎక్కువగా నశిస్తాయి. కాయల విషయంలో, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పెరియకుళం కళాశాల 1989లో విడుదల చేసిన పీకేఎం-1 రకం గింజతో నాటిన ఏడాదిలోపే కాపుకు వచ్చి సాగునే మార్చివేసింది.

ఇక జాగ్రత్తలు. వేరులోనూ వేరు బెరడులోనూ విషగుణం గల ఆల్కలాయిడ్లు ఉన్నాయి, గర్భస్రావానికి వాటిని వాడిన సంప్రదాయమూ ఉంది. కాబట్టి గర్భిణులు వాటి జోలికి అసలు పోరాదు, ఇతరులకూ అవి గృహవైద్యానికి తగవు. ఆకు రక్తంలో చక్కెరను కొంత తగ్గించవచ్చునని చిన్న పరిశీలనలు సూచించినా ఫలితాలు ఒకే తీరుగా లేవు. మధుమేహానికి, రక్తపోటుకు మాత్రలు వేసుకునేవారు దాని సారాలను, గుళికలను కలిపి వాడితే మందు ప్రభావం మితిమీరే అవకాశం ఉంది. ఆకులోని విటమిన్ కె వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల పనికి అడ్డుతగలగలదు. 2025లో అమెరికాలో కొందరికి సోకిన సాల్మొనెల్లా జబ్బుకు మూలం మునగాకు పొడేనని అక్కడి ఆరోగ్యాధికారులు తేల్చారు. పొడిని ఉడికించకుండా తాగుతారన్నది మరువరాదు. దీర్ఘరోగాలకు మందులు వాడుతున్నవారు మునగాకు పొడి డబ్బా తెరిచే ముందు వైద్యునికి ఆ మాట చెప్పాలి. తక్కినవారికి పప్పులో వేసి ఉడికించిన గుప్పెడు లేత ఆకు, పులుసులో నాలుగు కాడలు చాలు.