సోఫియా కట్టించుకున్న ఇల్లు

ఇల్లు కడితే పిల్లలకుంటుందనే గదా మనం పైసా పైసా కూడబెడతాం. ఆ భరోసా ఏమీ లేకుండానే పెద్ద భవనం కట్టించుకున్న ఒక ఇల్లాలి సంగతి చెప్తాను, వినండి. జర్మనీలో ఓస్నాబ్రూక్ అనే ఊళ్లో ఉన్న ఆ భవనం ఇప్పుడు విశ్వవిద్యాలయం.

ఆవిడ పేరు సోఫియా. రాజ్యం పోగొట్టుకుని హాలెండులో తలదాచుకున్న దంపతులకు 1630లో పుట్టిన 12వ బిడ్డ. భర్త ఎర్నెస్ట్ ఆగస్టస్ నలుగురన్నదమ్ముల్లో కడగొట్టువాడు. 1662లో ఆయన ఓస్నాబ్రూక్ బిషప్పయ్యాడు. బిషప్పుకి పెళ్లామేమిటీ అంటారేమో! 1648 సంధి ప్రకారం ఆ గడ్డను ఒకసారి కేథలిక్కు, ఒకసారి ప్రొటెస్టెంటు వంతులవారీగా ఏలాలి. ఈయన ప్రొటెస్టెంటు గనక ఆలుబిడ్డలతో దర్జాగా ఏలుకున్నాడు. కాని ఆయన తరవాత వంతు కేథలిక్కులది.

అయినా 1667లో పని మొదలెట్టించారు. నాలుగువైపులా కట్టడం, నడుమ ముంగిలి, మన మండువా లోగిలినే రాజుల పాటిగా పెంచినట్టు అనుకోండి. వెనకాల తోట. బరోక్ పద్ధతి అంటారు దాన్ని. కిటికీలన్నీ తూచినట్టు వరసగా ఉంటాయి. చూసినవాడికి ఏలికంటే భయమూ భక్తీ కలగాలని ఆ హంగంతా. 1679లో బావగారు పోయి హానోవర్ సంస్థానం చేతికి రావడంతో ఆ ఇల్లు విడిచి వెళ్లారు.

సోఫియా తాతగారు ఇంగ్లండు రాజు. అంచేత రాణి ఆన్ తరవాత సింహాసనం సోఫియాదేనని 1701లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. తీరా 1714 జూన్‌లో, 83 ఏళ్ల వయసులో, తోటలో నడుస్తూ నడుస్తూ ఆవిడ కుప్పకూలిపోయింది. మరో రెండు నెలలకు ఆన్ పోయింది! కిరీటం కొడుకు జార్జికి దక్కింది. మన మద్రాసు మేయరు కోర్టుకు 1726లో సనదిచ్చింది ఆయనే. మరుసటేడు ప్రయాణంలో పక్షవాతమొస్తే తమ్ముడింటికి చేర్చారు. వంతు తిరిగొచ్చి ఆ తమ్ముడప్పుడు ఓస్నాబ్రూక్ బిషప్పు. అలా అమ్మ కట్టించుకున్న ఇంట్లోనే రాజు కన్నుమూశాడు.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే ముచ్చటగానే ఉండేది. కాని 1938లో ఆ భవనం పడమటి భాగంలో హిట్లర్ రహస్య పోలీసులు, గెస్టపో వాళ్లు, ఖైదుగదులు పెట్టారు. యుద్ధంలో వెట్టిచాకిరీకి పట్టుకొచ్చిన పరదేశీయుల్ని కూడా తెచ్చి అందులో పడేశారు. 1945 బాంబులకు భవనం లోపలంతా తగలబడి, గోడలు మిగిలాయి.

మళ్లీ కట్టుకున్నాక కొన్నాళ్లు ఉపాధ్యాయ శిక్షణ, 1974 నుంచి విశ్వవిద్యాలయం. ఖైదుగదులకు మాత్రం సున్నం కొట్టి మరిపించలేదు. నన్నడిగితే ఆ బరోక్ హంగుకన్నా ఈ పనికే ఎక్కువ గౌరవమివ్వాలి. పిల్లలు పుస్తకాలు పట్టుకు తిరిగే ఆ భవనంలోనే ఆ గదుల్నీ తెరిచి, అక్కడ నలిగినవారెవరో చూపిస్తున్నారు.