బడ్జ్ బడ్జ్ కిరసనాయిలు, దిగుమతి సుంకం

కలకత్తాకు దిగువన హుగ్లీ తూర్పు ఒడ్డున ఉన్న రేవు బడ్జ్ బడ్జ్. నిప్పంటుకునే సరుకు కనుక కిరసనాయిలు నిల్వలను నగరానికి దూరంగా ఇక్కడే ఉంచేవారు. అమెరికా నూనె చెక్కపెట్టెల్లో వచ్చేది; ఒక్కో పెట్టెలో రెండేసి రేకు డబ్బాలు. నూనె అయిపోయాక ఆ డబ్బాలు ఇళ్లలో నీళ్లకు, ధాన్యానికి పనికొచ్చేవి. 1892లో సూయెజ్ కాలువ గుండా ట్యాంకరు ఓడలు నడవడం మొదలయ్యాక రష్యా నూనె విడిగా, చవకగా రాసాగింది.

స్వేచ్ఛా వాణిజ్య సూత్రం పేరిట 1882లో భారత ప్రభుత్వం దాదాపు అన్ని దిగుమతి సుంకాలనూ ఎత్తివేసింది. ఖజానా అవసరం కొద్దీ 1888లో కిరసనాయిలుపై గ్యాలనుకు అర్ధణా విధించి, 1894లో దాన్ని అణా చేసింది. ఉద్దేశం రాబడే అయినా, లాభపడింది బర్మా నూనె. 1886లో ఎగువ బర్మాను కలుపుకున్నాక ఆ దేశమంతా బ్రిటిష్ ఇండియాలో భాగమైంది. యెనాంజౌంగ్ బావుల నూనె రంగూన్‌లో శుద్ధయి, సుంకం లేకుండా వచ్చేది. దాన్ని తీసేది 1886లో స్కాట్లండ్‌లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ.

బట్టల విషయంలో న్యాయం వేరు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లుల ఒత్తిడికి తలొగ్గి 1896లో దిగుమతి బట్టపై మూడున్నర శాతం సుంకానికి సరిగ్గా సమానంగా భారతీయ మిల్లు బట్టపైనా ఎక్సైజు వేశారు. బర్మా నూనెకు అప్పట్లో అలాంటి సరిపన్ను లేదు. యజమాని ఎవరన్న దాన్నిబట్టి సూత్రం మారిందనడానికి ఇంతకన్నా గట్టి నిదర్శనం అక్కర్లేదు. బట్టపై ఆ ఎక్సైజు 1926 దాకా చట్టంలో ఉంది.